అస్సీసీ ఫ్రాన్సిసు మహనీయుని చరిత్రము



ఒకరివలన మేలు పొందినవాడు దానిని మఱవకుండుట కృతజ్ఞత యనబడును. అయితే మనస్సున మఱవకుండుట మాత్రమే చాలునా, లేక ఆ మేలును చేతలతో తీర్చవలయునా యని విచారింపగా, రెండవదియే పెద్దల మతముగా గన్పట్టుచున్నది. మనుష్యుడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో బుట్టుచున్నాడని మన పూర్వులు చెప్పిరి. యజ్ఞముచేతను, అధ్యయనముచేతను, సంతానముచేతను అవి తీఱునని విధించిరేగాని నోటిమాటతో దీఱునని చెప్పలేదు. క్రైస్తవమతమునందును ఈ భావమే వేఱొకరీతిని గలదు. దేవుడు తన కుమారునే లోకమునకు దానముగా నొసగెనని క్రైస్తవులు విశ్వసింతురు. ఆ దానమును స్మరించు దినమే డిసెంబరు 25వ తేదీని జరుపబడు క్రిస్మసు పండుగ. అంతటి దానమును పుచ్చుకొన్నవారు తామును పేదలకు పెట్టి, రోగులకు పరిచర్య చేసి, ఆ ఋణమును గొంతయైన దీర్చుకొనవలయునని వారి పెద్దలు బోధించిరి.

మన సంఘ వార్షిక మహాసభ క్రిస్మసు సెలవులలో సమావేశమగుచున్నందున, ఆ పండుగకును దానధర్మమునకును గల సంబంధమును తన జీవితముచేతనే వ్యాఖ్యానించిన యొక మహనీయుని చరిత్రమును ఈ సంచిక మూలమున చదువరులకు నివేదింప దలచితిమి. ఆయన ఇటలీదేశమున అస్సీసీ పట్టణమునందు జన్మించిన ఫ్రాన్సిసు. ఈతని నెన్నుకొనుటకు మఱియొక కారణమును గలదు. ఈతడు బట్టల వర్తకుని కుమారుడు. మగ్గమును, గజపుబద్దను నమ్ముకొని బ్రదికిన మన కులమువారికి ఈతని కథ పరాయిది కాజాలదు. మనలో క్రైస్తవమతము నవలంబించిన కుటుంబములవారికిది యెఱిగిన కథయే యైనను, తక్కినవారికి వినదగిన కథ.

జననము, యౌవనము

ఇటలీ నడుమనున్న ఉంబ్రియా సీమలో, కొండవాలున గట్టబడిన చిన్న పట్టణము అస్సీసీ. అచ్చట పియెత్రో బెర్నార్దోనె యను సంపన్నుడైన బట్టల వర్తకుడుండెను. ఆతని భార్య పేరు పీకా. వీరికి 1181వ సంవత్సరమున గాని 1182వ సంవత్సరమున గాని కుమారుడు కలిగెను. అప్పుడు తండ్రి వ్యాపారముపై ఫ్రాన్సుదేశమునకు బోయియుండెను. తల్లి బిడ్డకు యోహాను అను పేరుతో జ్ఞానస్నానము చేయించెను. తండ్రి తిరిగివచ్చి, తన వ్యాపారమునకు బట్టుగొమ్మయైన ఫ్రాన్సుదేశముమీది మక్కువచేత, బాలుని ఫ్రాంచెస్కో యని పిలిచెనని చెప్పుదురు. ఆ పేరే ఫ్రాన్సిసుగా లోకమున నిలిచెను.

పిల్లవాడు తండ్రి యంగడిలోనే పెరిగి, బట్ట విప్పి చూపుటయు, బేరమాడుటయు నేర్చెను. అయితే తండ్రి కూడబెట్టుటయందు నేర్పరి. కొడుకు వెచ్చించుటయందు నేర్పరి. పట్టణమందలి యువకులకు విందులు చేయుచు, మేలైన వస్త్రములు ధరించి, రాత్రులందు పాటలు పాడుచు వీధులు తిరుగుచుండెను. గొప్ప యోధుడు కావలెనని ఆతని కోరిక. 1202లో అస్సీసీకిని పొరుగు పట్టణమైన పెరూజియాకును యుద్ధము జరుగగా, ఫ్రాన్సిసు దానికి బోయి శత్రువులకు జిక్కి, ఇంచుమించు ఒక సంవత్సరము చెఱలో నుండెను. విడుదలై వచ్చినపిమ్మట దీర్ఘవ్యాధి బాధించెను. వ్యాధినుండి లేచినవానికి వెనుకటి యుల్లాసములు రుచింపలేదు. తిరిగి యుద్ధమునకు బయలుదేరియు స్పొలేతో పట్టణమునుండియే మరలివచ్చెను.

ఈ కాలముననే అంగడిలో నొక చిన్న సంగతి జరిగెను. ఫ్రాన్సిసు బేరములో మునిగియుండగా ఒక బిచ్చగాడు వచ్చి, దేవుని పేరిట భిక్షమడిగెను. పని తొందరలో ఫ్రాన్సిసు వానిని వట్టిచేతులతో బంపివేసెను. వాడు పోయిన మఱుక్షణమే ఆతనికి మనస్సు చివుక్కుమనెను. ఒక ప్రభువు పేరిట వచ్చి యడిగినయెడల తాను లేచి యిచ్చియుండును గదా, సర్వప్రభువు పేరిట వచ్చినవానికి లేదంటిని గదా యని తన్ను దాను నిందించుకొని, ఆ పేరు చెప్పి యడిగినవారి నిక నెన్నడును గాదనకూడదని నిశ్చయించుకొనెను. అంగడిలో గూర్చుండువారికి ఈ సంగతి యెంత సామాన్యమైనదో, అందలి విచారణ యంత యసామాన్యమైనది.

కుష్ఠరోగి

ఆ కాలమున యూరోపుఖండమున కుష్ఠరోగులను ఊరికి వెలుపల వేఱుగా నుంచుచుండిరి. ఫ్రాన్సిసునకు వారిని జూచిన మిక్కిలి యసహ్యము. దూరమునుండియే ముక్కు మూసికొని తొలగిపోవుచుండెను. ఒకనాడు గుఱ్ఱముపై బోవుచుండగా త్రోవలో నొక కుష్ఠరోగి యెదురుపడెను. ఆతడు గుఱ్ఱము త్రిప్పక, దిగి, వానిచేతిలో ధనముంచి, ఆ చేతిని ముద్దుపెట్టుకొనెను. పిదప రోగులుండు చోటికే పోయి, వారి పుండ్లు కడిగి సేవచేయసాగెను. అంతకుముందు తనకు చేదైనది అప్పటినుండి తీపియైనదని మరణమునకు ముందు వ్రాయించిన శాసనమునందు ఆయన తలచుకొనెను. ధనము విసరివైచి పోవుటకును, దిగి చేయి పట్టుకొనుటకును గల భేదమును చదువరులు గమనింపవలెను. మొదటిది దానమే, రెండవది దానముతోగూడిన సేవ.

తండ్రి సొమ్ము

అస్సీసీ వెలుపల సాన్ దమియానో అను పాడుపడిన చిన్న దేవాలయము గలదు. అందు సిలువయెదుట ప్రార్థించుచుండగా, శిథిలమైన తన యింటిని బాగుచేయుమని క్రీస్తు తనకు జెప్పినట్లు ఫ్రాన్సిసునకు దోచెను. వెంటనే ఆతడు తండ్రి యంగడిలోని విలువగల బట్టలను గుఱ్ఱముమీద వేసికొని, ఫొలీన్యో పట్టణమునకు బోయి, బట్టలనేగాక గుఱ్ఱమును గూడ నమ్మి, ఆ సొమ్ము తెచ్చి అచ్చటి పూజారి కీయబోయెను. ఆ పూజారి పేదవాడే యైనను, వీని తలిదండ్రులకు భయపడి దానిని ముట్టలేదు. ఫ్రాన్సిసు ఆ సొమ్మును కిటికీలోనికి విసరివైచెను.

తండ్రికి గలిగిన కోపము సామాన్యము కాదు. కొడుకును బంధించి యింటిలో నుంచెను. ఆతడు లేని సమయమున తల్లి విడిచిపెట్టెను. చివరకు 1206వ సంవత్సరమున ఈ వివాదము అస్సీసీ బిషపగు గూయిదో యెదుటికి వచ్చెను. బిషపు ఫ్రాన్సిసుతో, తండ్రి సొమ్ము తండ్రికి మరల నిచ్చివేయవలసినదనియు, న్యాయముగా వచ్చినదో కాదో తెలియని ధనముతో దేవాలయమును బాగుచేయుట దేవునకు సమ్మతము కాదనియు బోధించెను. అంతట ఫ్రాన్సిసు ఆ సొమ్మునేగాక, తన యొడలిమీది బట్టలను గూడ విప్పి తండ్రియెదుట బెట్టి, ఇకమీదట పరలోకమందున్న దేవుడే తనకు తండ్రియని పలికెను. బిషపు తన యుత్తరీయముతో నాతని గప్పెను.

ఈ ఘట్టమును జదువునపుడు తండ్రిని దూషించి కుమారుని బొగడువారే యెక్కువ. మేము వర్తకుల పిల్లలకు చిరకాలము చదువు చెప్పినవారమగుటచేత ఆ తండ్రి దుఃఖమును తేలికగా ద్రోసివేయజాలము. అంగడిలోని సరకు ఆతని కష్టార్జితము. దానిని చెప్పక తీసికొనిపోయి యమ్ముట ఎంత మంచి పనికొఱకైనను ధర్మము కాదు. ఈ మాట చెప్పినది ఆ తండ్రి కాదు, ఆ మతమునకు పెద్దయైన బిషపే. ఫ్రాన్సిసు దానిని తలయొగ్గి యంగీకరించుటయందే ఆతని గొప్పతనము గలదు. ఆపైన ఆతడు వీధులలో రాళ్లు బిచ్చమెత్తి, తన భుజములమీద మోసి, తన చేతులతోనే సాన్ దమియానో గోడలను బాగుచేసెను. తండ్రి సొమ్ముతో కానిది తన చెమటతో నయ్యెను. పరులసొత్తుతో జేసిన దానమును పూజారి పుచ్చుకొనలేదు. సొంత కష్టముతో జేసినది నేటికిని నిలిచియున్నది.

భిక్షువ్రతము

కొంతకాలమునకు పోర్సియుంకులా యను చిన్న గుడిలో సువార్త చదువుచుండగా, క్రీస్తు తన శిష్యులను బంగారము, వెండి, చేతిసంచి లేక పొమ్మని పంపిన ఘట్టమును వినెను. అదియే తనకు విధియని గ్రహించి, తోలుపట్టీ విడిచి త్రాడు కట్టుకొనెను. అస్సీసీలోని ధనికుడైన బెర్నార్దు మొదట ఈయనతో జేరి, తన యాస్తినంతయు నమ్మి పేదలకు పంచిపెట్టెను. క్రమముగా పండ్రెండుగురై, 1209వ సంవత్సరమున రోమునగరమునకు బోయి, పోపు మూడవ ఇన్నొసెంటు దర్శనము చేసి, తమ జీవనవిధానమునకు అనుమతి బడసిరి. తాము అందఱికంటె చిన్నవారమని తెలియుటకై అల్పసోదరులని పేరు పెట్టుకొనిరి. వారు ధనమును ముట్టరు. పొలములలోను, ఇండ్లలోను కూలిపని చేసి యన్నము పుచ్చుకొందురు. పని దొరకనినాడు భిక్షమెత్తుదురు. 1212లో క్లారా యను గొప్పయింటి కన్య ఈ మార్గమున బ్రవేశించి, స్త్రీల సంఘమునకు మూలమయ్యెను.

సంసారమును విడువలేని గృహస్థులకును ఒక విధానము వలసివచ్చెను. 1221లో వారికి నియమావళి యేర్పడెను. ఇంటిపట్టుననే యుండి, నిరాడంబరముగ బ్రదుకుచు, ఆయుధము పట్టక, రోగులను పరామర్శించుచు, పేదలకు సహాయము చేయుచుండుట వారి వ్రతము. మన చదువరులలో సన్యసింపబోవువారు అరుదు గనుక ఈ మూడవ శాఖను ప్రత్యేకముగా బేర్కొంటిమి.

1219లో క్రైస్తవులకును మహమ్మదీయులకును ఐగుప్తుదేశమున దమియెట్టా యొద్ద ఘోరయుద్ధము జరుగుచుండగా, ఫ్రాన్సిసు ఆయుధము లేకయే అవతలి పాళెమునకు బోయి సుల్తాను అల్ కామిల్‌ను దర్శించెను. సుల్తాను ఆదరముతో విని, క్షేమముగా బంపివేసెను. ఎవరి మతము వారియొద్దనే నిలిచెను. అయినను ఇద్దఱు సజ్జనులు కత్తుల నడుమ మాటలాడుకొనగలిగిరి.

ఈయన దానమునకు రెండు నిదర్శనములు చూపెదము. సోదరులలో నిద్దఱిని గన్న వృద్ధురాలొకతె పోర్సియుంకులాకు వచ్చి సహాయము గోరెను. ఇంటిలో నేమియు లేదు. ప్రార్థనలలో జదువుకొను క్రొత్త నిబంధన గ్రంథమొక్కటి యుండెను. అది వ్రాతప్రతుల కాలము. అట్టి పుస్తకము మిక్కిలి ఖరీదైనది. ఫ్రాన్సిసు దానినే యామెకిప్పించి, అమ్ముకొని బ్రదుకుమనెను. దానిని చదువుటకంటె దానిలో జెప్పినట్లు చేయుటయే దేవునకు బ్రీతియని ఆయన యభిప్రాయము. పుస్తకములే సర్వస్వముగా బెరిగిన మావంటివారికి ఇది మ్రింగుడుపడని పాఠమైనను, కాదనుటకు వీలులేని పాఠము. మఱియొకప్పుడు వ్యాధిచేత ఒడలిపై నుత్తరీయము గప్పుకొని పోవుచుండగా, చింపిరిబట్టలవా డొకడు గనబడెను. తనకంటె బీదవాడు గనబడువఱకు ఆ వస్త్రము తనయొద్ద అరువుగా నున్నదనియు, సొంతదారుడు వచ్చినందున ఇచ్చివేయక తప్పదనియు జెప్పి, తోడివాడు వారించుచున్నను దానిని వానికి గప్పెను. దానమనగా మనది యితరుల కిచ్చుట యని మనము తలతుము. ఆయనకు దానమనగా అప్పు తీర్చుట.

గ్రెచ్చియో గ్రామమున క్రిస్మసు

పండుగలన్నింటిలోను క్రిస్మసు ఈయనకు బ్రియతమమైనది. దేవుడు పసిబిడ్డయై, పేదతల్లి పాలు ద్రావిన దినమని దానిని తలచినంతనే ఆయనకు కన్నులు చెమర్చుచుండెను. ఒకప్పుడు భోజనముచేయుచుండగా, ఆ దినమున తల్లి మరియమ్మ యనుభవించిన లేమిని తోడివా డొకడు ప్రస్తావించెను. ఫ్రాన్సిసు లేచి, మిగిలిన రొట్టెను కటికనేలపై గూర్చుండి తినెను. అయినను ఆ దినము ఏడ్చుటకు గాదు, సంతోషించుటకేయని ఆయన సిద్ధాంతము. క్రిస్మసు శుక్రవారమునాడు వచ్చెను. శుక్రవారము మాంసము వర్జించుట వారి నియమము. ఈ సందేహమును మోరీకో యను సోదరుడు తెచ్చినపుడు, అట్టి దినమున గోడలు సహితము తినదగుననియు, తినలేవు గనుక వానికి పైన బూయవలయుననియు ఫ్రాన్సిసు బదులు చెప్పెను.

1223వ సంవత్సరము నవంబరు 29వ తేదీని పోపు మూడవ హొనోరియసు ఆయన సంఘ నియమావళిని ఆమోదించెను. ఆ మఱునెలలోనే ఫ్రాన్సిసు రియేతి లోయలోని గ్రెచ్చియో యను కొండపల్లెకు వచ్చెను. పండుగకు పదునైదు దినములు ముందుగా, ఆ యూరి పెద్దయు సజ్జనుడునైన యోహానును బిలిపించి, బేత్లెహేములో బుట్టిన శిశువు పసులతొట్టిలో, గడ్డిపై నెట్లు పరుండెనో, ఎద్దును గాడిదయు నెట్లు ప్రక్కన నిలిచెనో కన్నులార జూడగోరితిననియు, అందులకు వలసినది సిద్ధపఱుపుమనియు గోరెను. ఆతడు కొండగుహలో తొట్టిని, గడ్డిని, ఎద్దును, గాడిదను సమకూర్చెను. ఆ రాత్రి చుట్టుపట్ల పల్లెలనుండి స్త్రీపురుషులు దివిటీలతోను, క్రొవ్వొత్తులతోను వచ్చిరి. అడవియంతయు పట్టపగలువలె వెలిగెను. తొట్టిమీదనే పూజ జరిగెను. ఫ్రాన్సిసు పూర్ణగురువు గాక ఉపగురువు మాత్రమే గనుక, తగిన వస్త్రములు ధరించి, సువార్తను గానము చేసి, పేదరాజుయొక్క జన్మమును గుఱించి ప్రసంగించెను. బేత్లెహేము అను పేరును గొఱ్ఱెపిల్ల యఱచినట్లు పలికెనని ఆయన చరిత్రమును మొదట వ్రాసిన చెలానో థామసు తెలుపుచున్నాడు. తొట్టిలో నిదురించుచున్న శిశువును ఫ్రాన్సిసు లేపుచున్నట్లు అచ్చటివారిలో నొకనికి గన్పట్టెనట. తరువాత ఆ గడ్డిని దీసికొనిపోయి రోగముతోనున్న పశువులకు బెట్టిరి.

ఆ రాత్రి బంగారు విగ్రహము లేదు, పట్టుతెర లేదు. పల్లెవారి తొట్టియే పీఠము, పల్లెవారి పశువులే పరివారము. ఎవరి యింటిలో నున్నది వారు తెచ్చిరి. నేడు క్రైస్తవుల దేవాలయములలోను, ఇండ్లలోను క్రిస్మసునకు పశువుల పాకను అమర్చు నాచారము ఈ గ్రెచ్చియో రాత్రివలననే యెక్కువగా వ్యాపించినది. 2013లో పోపై, ఆ మహనీయుని పేరే ధరించి, 2025లో కీర్తిశేషుడైన పోపు ఫ్రాన్సిసు, 2019 డిసెంబరులో గ్రెచ్చియోకు స్వయముగ బోయి ఈ యాచారమును గుఱించి యొక లేఖను వెలువరించెను. 2023తో ఆ రాత్రికి 800 సంవత్సరములు నిండినవి.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి గలదు. ఆ దినమున ధనికులందఱు పేదలకు కడుపునిండ బెట్టవలెననియు, ఎద్దులకును గాడిదలకును నిత్యముకంటె నెక్కువ మేత వేయవలెననియు ఫ్రాన్సిసు కోరుచుండెను. తనకు చక్రవర్తితో మాటలాడు నవకాశము కలిగినచో, క్రిస్మసునాడు శక్తిగలవారెల్ల త్రోవలలో గోధుమలను, ధాన్యమును జల్లునట్లు శాసనము చేయింతునని, పక్షులు, అందును భరతపక్షులు, ఆకలితో నుండరాదని చెప్పుచుండెను. దీనిని వినినపుడు మనకు కనుమపండుగ జ్ఞప్తికి రాకమానదు. సంక్రాంతికి మన యిండ్ల చూరులకు పిచ్చుకలకొఱకు వరికంకుల కుచ్చులు గట్టుటయు, కనుమనాడు పశువులను గడిగి, అలంకరించి, మేలైన మేత పెట్టుటయు నీ భావమే. పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞమని మన శాస్త్రము చెప్పినదియు నిదియే. దేశములు వేఱు, మతములు వేఱు. పండుగనాడు తాను దిని పిచ్చుకను మఱవరాదను బుద్ధి యొక్కటియే.

నిర్యాణము

1224లో లా వెర్నా కొండపై తపస్సు చేయుచుండగా క్రీస్తు గాయములవంటి గుఱుతులు ఆయన శరీరమున గలిగెనని చరిత్రకారులు వ్రాసిరి. పిదప కన్నులు మసకబారి, దేహము క్షీణించెను. 1225లో, వెలుతురు సహింపజాలని యా స్థితిలోనే, సూర్యచంద్రులను, గాలిని, నీటిని, నిప్పును, భూమిని తోబుట్టువులుగా భావించి దేవుని స్తుతించు కీర్తన రచించెను. అది పండితుల లాటిను భాషలో గాక, ఉంబ్రియా ప్రజల వాడుకభాషలో నుండుటచే, ఇటలీ వాఙ్మయమున మొదటి కృతులలో నొకటిగా బరిగణింపబడుచున్నది. సూర్యుని జూడలేనివాడు సూర్యునికొఱకు కృతజ్ఞత దెల్పెను. ఇంతకంటె జెప్పవలసిన దేమున్నది?

1226 అక్టోబరు 3వ తేదీ సాయంకాలమున పోర్సియుంకులాలో ఆయన కన్నుమూసెను. అంతకుముందు తన వస్త్రమును విడిచి వట్టినేలపై బరుండగా, మఠాధికారి యొక యంగీని తెచ్చి, అది ఆయనది కాదనియు, అరువుగా మాత్రమే యిచ్చుచున్నాననియు, ఎవరికిని ఈయ నధికారము లేదనియు జెప్పి తొడిగించెను. తన మాట నిలిచినదని ఫ్రాన్సిసు సంతోషించెను. అంగడినిండ బట్టలుగల యింట బుట్టినవాడు అరువుబట్టతో లోకమును విడిచెను. 1228 జూలై 16వ తేదీని పోపు తొమ్మిదవ గ్రెగరీ ఈయనను పునీతునిగా బ్రకటించెను.

మన కర్తవ్యము

ఈ చరిత్రమువలన మన సంఘమువారు గ్రహింపదగినవి మూడు. దానము న్యాయార్జితమును, సొంతమును కావలెను. ధనముతోబాటు చేయియు, కాలమును ఈయవలెను. ఇచ్చునపుడు ఉపకారము చేయుచున్నామని గాక, ఋణము తీర్చుచున్నామని తలపవలెను.

మూడవదానిని గుఱించి యొక మాట. ఈ సంచికలో దాతల పేరులు ముద్రించుట తప్పు కాదు. అది సంఘము వారికి జూపవలసిన కృతజ్ఞత. కాని దాత యొనర్పవలసిన కృతజ్ఞత వేఱుగా గలదు. పరుల యన్నముచేతను, పరులిచ్చిన పుస్తకములచేతను చదివి, నేడు ఉద్యోగములలోను వ్యాపారములలోను స్థిరపడినవారిని మేము పలువురిని ఎఱుగుదుము. వారికి నాడు పెట్టినవారిలో అనేకులు కాలధర్మము నొందిరి. ఆ ఋణమును వారికి మరల దీర్చుట అసాధ్యము. అయితే అట్టి బాలుడే నేడు పుస్తకములు లేక, వసతి లేక, మీ యంగడిమెట్ల యొద్ద నిలిచియున్నాడు. బేరము తొందరలో వానిని బంపివేయకుడు. చనిపోయిన యుపకారికి జెల్లింపవలసిన యప్పును వసూలు చేసికొనుటకు వచ్చినవాడు వాడే.

సహోదరులెల్లరు తమకు లభించిన మేలును లెక్కించుకొని, అందుకు దగినట్లు పరులకు మేలుచేయు బుద్ధిని భగవంతుడు ప్రసాదించుగాక! ఈ మహాసభ జయప్రదమగుగాక!